మడమ చుట్టూ గీత

"ఇంకా ఎంతసేపు చూస్తావమ్మా? ఆసుపత్రికి పోదాం పద," అన్నారు మామగారు.

"ఎరుపు ఈ గీత దాటితే పోదాం మామయ్యగారూ. ఫోన్లో నర్సు అలాగే చెప్పింది," అంది కోడలు.

ఆరేళ్ళ కూతురు పిచ్చుక మంచం మీద పడుకుని, కాలు దిండు మీద పెట్టుకుని, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. అరగంట క్రితం బడికని బూటు తొడుక్కుంటే, అందులో దూరిన నల్లటి సాలీడు మడమ మీద కుట్టింది. తల్లి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. నర్సు చెప్పినట్టే సబ్బుతో కడిగింది, చల్లటి తడిగుడ్డ వేసింది, ఎర్రబడినంత మేర చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీసింది. ఇళ్ళ ప్లాన్లు గీసి బతికే మనిషి కదా, గీత చక్కగా కుదిరింది.

"కడుపునొప్పి గానీ చెమటలు గానీ ఉంటే ఆగొద్దని కూడా చెప్పిందిగా ఆ నర్సు! పిల్ల కడుపునొప్పంటోంది."

"అది నిద్ర లేచిన దగ్గర్నుంచీ అంటూనే ఉంది. అప్పటికి సాలీడూ లేదు, ఏమీ లేదు. ఇవాళ బళ్ళో డిక్టేషన్. డిక్టేషన్ రోజున దీనికి కడుపునొప్పి రాకపోతే ఆశ్చర్యపోవాలి."

"ఇప్పుడు నిజంగానే నొప్పమ్మా," అంది పిచ్చుక నీరసంగా.

"ఎప్పుడూ నిజమేలే."

మామగారు ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశారు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం. ఆయన ఈల వేస్తే బడి బడంతా నిటారుగా నిలబడేది. ఇంట్లో మాత్రం ఎవరు తుమ్మినా ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు. కిందటి నెల మనవరాలికి ఎక్కిళ్ళొస్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మెట్లెక్కేలోగా ఎక్కిళ్ళు ఆగిపోయాయి. అప్పట్నుంచీ ఆయన ఆసుపత్రి మాటెత్తితే చాలు, ఇంటిల్లిపాదీ నవ్వడమే.

కోడలు ఇప్పుడూ నవ్వింది. "మధ్యాహ్నంలోగా ఒక ప్లాను ఇచ్చేయాలి. అరగంటకోసారి వచ్చి చూస్తాను. మీరు దాని పక్కన కూర్చోండి, చాలు."

పక్క గదిలో బల్ల ముందు కూర్చుందన్న మాటే గానీ మనసంతా ఇటే ఉంది. ఒకసారి వచ్చి చూసింది. ఎరుపు ఇంకా గీత లోపలే ఉంది. హమ్మయ్య అనుకుంది. పిల్ల నుదురు కాస్త చెమ్మగా ఉంటే, ఉక్కపోతేమోనని ఫ్యాన్ వేగం పెంచి వెళ్ళింది. పది నిమిషాలైనా కాలేదు.

"అమ్మాయ్! ఇలా రా!"

అది డ్రిల్లు మాస్టారి గొంతు. పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎరుపు ఆ గీత దాటేసింది. చుట్టూరా బయటికొచ్చేసింది. ప్లాను బల్ల మీదే ఉండిపోయింది, తలుపుకు తాళం వేయాలన్న ధ్యాస కూడా లేదు. ఆమె చెప్పులు వేసుకునేలోగా మామగారు మనవరాల్ని భుజానేసుకుని వీధి చివర ఆటో ఆపేశారు.

డాక్టరమ్మ ముందుగా పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది. ఆమె మొహం మారిపోయింది. మామగారు జేబులోంచి అగ్గిపెట్టె తీసి, చచ్చిన సాలీడును చూపించారు. ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ఇంజెక్షన్లు, సెలైను, ఛాతీకి అంటించిన వైర్లు. రెండు గంటల తర్వాత పిచ్చుక కళ్ళు తెరిచి, "డిక్టేషన్ అయిపోయుంటుందా?" అనడిగింది. తల్లికి ప్రాణం లేచొచ్చింది.

"ఇక భయం లేదు," అంది డాక్టరమ్మ. "ఈ రాత్రికి ఇక్కడే ఉంచుదాం. గీత గీయడం మంచిదేనమ్మా, కానీ ఈ సాలీడు కుట్టిన చోట పెద్దగా ఏమీ కనబడదు. విషం కండరాల్ని పట్టేస్తుంది. మీరొచ్చేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. చిన్నపిల్ల, సాయంత్రం దాకా ఆగుంటే ఊపిరి తీయడమే కష్టమయ్యేది. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే గీతతో పని లేదు. పిల్ల నొప్పి అంటే వచ్చేయండి."

"ఈసారికి ఆ గీత దాటబట్టే వచ్చాం డాక్టరుగారూ. లేకపోతే నేనింకా ప్లాను గీసుకుంటూనే ఉండేదాన్ని," అంటూ తల్లి భోరుమంది.

కళ్ళు తుడుచుకుని డాక్టరమ్మకు దణ్ణం పెట్టింది. ఫోన్లో మాట్లాడిన నర్సును వెతికి పట్టుకుని ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. బయట ఇంకా కనిపెట్టుకుని ఉన్న ఆటో అతనికి కూడా పోయి చెప్పింది, నీ మేలు మరిచిపోనని. తిరిగొచ్చి, కూతురి పాదం ఒళ్ళో పెట్టుకుని మురిపెంగా ఆ గీతను నిమిరింది.

నిమురుతూ ఆగిపోయింది. గీత వంకరటింకరగా ఉంది. ఒకచోట రెండు కొసలూ కలవనే లేదు. నిన్నగాక మొన్న పెన్ను పట్టుకున్నవాళ్ళు కూడా అలా గీయరు.

తలెత్తి చూస్తే, మామగారు తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూస్తున్నారు.

"నీ గీత తుడిచేసి లోపలికి ఇంకోటి గీశానమ్మా... చేతులు వణుకుతుంటే, అంతకంటే గుండ్రంగా రాలేదు."