చిటికెన వేలికి చోటు

"కాలుస్తావా, కాఫీ తాగుతావా అమ్మాయ్? కప్పు కింద సాసర్ పెట్టినట్టు ఆ ఎడంచెయ్యేంటి?"

డార్లా ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడటం ఎప్పుడో మానేసింది. పిస్టల్ బల్ల మీద పెట్టి పక్కకు చూసింది.

మాసిన టోపీ పెట్టుకున్న ముసలాయన. ఓక్లహోమాలోని ఆ చిన్న ఊరి షూటింగ్ రేంజ్‌లో అలాంటివాళ్లు చాలామందే ఉంటారు.

"ఎవరు నేర్పారిలా?"

"మా ఆయన. ఇప్పుడు కాదులెండి."

ముసలాయన టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

"వాడికి నేర్పినవాణ్ని అనాలి," అన్నాడు. "మళ్లీ పట్టుకో."

చాలా చిన్న పిస్టల్. రెండు వేళ్లు పట్టేసరికి పిడి అయిపోయింది. చిటికెన వేలు గాల్లో వేలాడుతోంది.

"దాన్ని గుళ్లుండే మ్యాగజైన్ అడుగున మడిచెయ్. ఊరికే ఆనించు, నొక్కకు. ఎడంచేత్తో పక్కనుంచి చుట్టు. బిగువంతా ఆ చేతిదే. బొటనవేళ్లు గొట్టం దాటాయా, ఇక అవి నీవి కావు."

కాల్చింది. మొదటిసారి గుండు కాగితం బొమ్మ గుండెల్లో దిగింది.

సంతోషం కలగలేదు. కర్ట్ ఆమె దవడ విరగ్గొట్టి జైలుకెళ్లిన రోజునుంచీ ఆమెకు ఏదీ కలగడం లేదు. ముందూ వెనకా ఎవరూ లేరని చెప్పి పెళ్లాడాడు కర్ట్. బయటికొచ్చాక చంపుతానని కోర్టులో అందరి ముందూ అన్నాడు. నెలాఖరుకి విడుదల. అందుకే ఇల్లు మారింది. అందుకే ఈ పిస్టల్.

ముసలాయన ప్రతి శనివారం వచ్చేవాడు. పేరు ఓర్విల్ అన్నాడు. అంతకు మించి ఆమె అడగలేదు.

ఆమె ఇంటికి బయల్దేరితే ఆయన పాత ట్రక్కు కూడా వెనకే బయల్దేరేది. ఓ రోజు కారు ఆపి దిగింది.

"నా వెనకాలే ఎందుకొస్తున్నారు?"

"నా దారీ ఇదేనమ్మాయ్."

"ఈ దారి మా ఇంటితో ఆఖరు."

"అవునా? వయసైపోయింది, దారి తప్పుంటాను."

"ఇంకోసారి తప్పారంటే పోలీసులకి చెప్తా."

ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పాపం అనిపించాలి. అనిపించలేదు.

కర్ట్ విడుదలైన మర్నాడు షెరీఫ్ ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది.

"ఇక భయం లేదమ్మా. రాత్రి ఒకాయన్ని కాల్చి చంపాడు, దొరికిపోయాడు. ఈ జన్మకి బయటికి రాడు."

డార్లా ఫోన్ పెట్టేసింది. ఈ మాట ముసలాయనకి చెప్పాలనిపించింది. ఆమెకు ఏదైనా అనిపించి ఎన్నాళ్లయిందో.

శనివారం రేంజ్‌కి వెళ్లింది. ఆయన చోటు ఖాళీగా ఉంది. రేంజ్ నడిపే గ్లెండా కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఓర్విల్ రాలేదా?"

"ఇంకెక్కడి ఓర్విల్? కర్ట్ చంపింది ఆయన్నే. నీ ఇల్లు చూపించమని తుపాకీ పెట్టాట్ట. ఈయన చస్తే చెప్పనన్నాట్ట."

డార్లా బల్ల అంచు పట్టుకుంది.

"ఆయన నడుముకి ఎప్పుడూ పిస్టల్ ఉండేదిగా?"

"ఆ రాత్రీ ఉంది."

"మరి తియ్యలేదేం? ఆయనంత గురి ఎవరికుంది?"

గ్లెండా ఆమె వంక చూసింది.

"నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడే. కన్నకొడుకు మీదికి ఎలా తీస్తాడు?"