రెండో టికెట్టు

మొదటిసారి మొగుడి ఫ్లైటు రద్దయినప్పుడు ఊర్మిలకు ఏ అనుమానమూ రాలేదు. రెండో టికెట్టు వేరే కంపెనీలో వస్తుందనుకుంది. మళ్ళీ అదే కంపెనీలో వచ్చింది, మళ్ళీ రద్దయింది. అప్పటినుంచి మనసులో పురుగు తొలుస్తోంది.

నెలాఖరులోగా మస్కట్‌లో దిగకపోతే సెలవు మీద ఇంటికొచ్చిన ఆమె మొగుడు రవీందర్ వీసా చెల్లదు. వీసా పోతే కొలువూ పోతుంది. వాళ్ళ ఊరు రుద్రంగిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

ఆ విమాన కంపెనీ కథ కూడా అందరికీ తెలిసిందే. కొత్త విమానాలు వస్తాయని నమ్మి రోజూ మస్కట్‌కు ఫ్లైటన్నారు. తయారుచేసేవాళ్ళు విమానాలు ఇవ్వలేదు. పాతవాటిలో కొన్ని రిపేరుకు పోయాయి. ఉన్నవాటిని ఢిల్లీకీ ముంబైకీ సర్దుకుంటూ మస్కట్ ఫ్లైట్లను ఒక్కొక్కటే పీకేస్తున్నారు.

ఊర్మిల పుట్టిల్లు తంగళ్ళపల్లి. అక్కడ ఆమె నాన్న సాంచాల మీద చీరలు నేయించేవాడు. కొత్త సాంచాలు వస్తాయని పెద్ద ఆర్డరు ఒప్పుకొని, అవి రాక ఆయన పడ్డ అవస్థ ఆమె కళ్ళారా చూసింది. అందుకే కంపెనీని తప్పుపట్టలేదు.

అనుమానమంతా మొగుడి మీదే.

రెండోసారీ ఫ్లైటు లేదని మెసేజ్ రాగానే రవీందర్ "అయ్యో, గిట్లయిందేందే!" అని నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకున్న మనిషి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. సాయంత్రం పసుపు చేనుకు నీళ్ళు పెడుతూ కూనిరాగం కూడా తీశాడు.

కొలువు పోయేవాడికి అంత హుషారేమిటి? అక్కడేదైనా గొడవ చేసి వచ్చాడా? పోలీసు కేసా? ఊర్మిలకు భయమేసింది. ఏడుపూ వచ్చింది.

పన్ను చూపించుకొస్తానని అత్తతో చెప్పి కోరుట్ల బస్సెక్కింది.

బస్టాండు పక్కన గల్ఫ్ టికెట్లు తీసే సలావుద్దీన్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమనడం మరిచిపోయాడు. అదీ ఆమెకు తేడాగానే తోచింది.

"గా కంపెనీల మళ్ళెందుకు తీసిండ్రు భాయ్?"

"విమానాలు లేవు చెల్లె. వాళ్ళు మాత్రం ఏం జేస్తరు..."

"విమానాల ముచ్చట నాకెర్కే. మా వాడకట్టు అంజయ్య వేరే కంపెనీల మొన్ననే మస్కట్ పోయిండు. మా ఆయనకే సీటు దొరకలేదా?"

సలావుద్దీన్ తిరిగే ఫ్యాను వంక చూశాడు.

"నాతోని అబద్ధమాడకుర్రి. పోయేటిది ఆయన కొలువు."

"నీకు చెప్పద్దని ఒట్టు పెట్టించుకున్నడు చెల్లె." గొంతు తగ్గించాడు. "ఈసారి వేరేదాంట్ల సీట్లున్నయంటే వద్దన్నడు. ఏ ఫ్లైటు క్యాన్సిలయితదో దాంట్లనే తియ్యమన్నడు. 'నాకు పోబుద్ధయితలేదు భాయ్. గీడనే ఉంటనంటే ఊర్మిల ఏమనుకుంటదో. ఫ్లైటే లేదంటే ఎవ్వలేమంటరు?' అన్నడు."

ఊర్మిల కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గుమ్మం వైపు తిరిగి, ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అడిగింది.

"మొదటి టికెట్టు గా కంపెనీలనే తియ్యమని మీకు ఫోన్ చేసింది నేనేనని ఆయనకు చెప్పలేదు గద భాయ్?"