టార్పాలిన్ జోకు

జీపులోంచి నలుగురు దిగారు. మాట్లాడింది ఒక్కడే.

"బాబీగాణ్ని మా బండెక్కించండి. మా అన్నతో ఓ ముక్క మాటాడించి దిగబెట్టేస్తాం."

తుపాను షెల్టరు వరండాలో కులపెద్దలు కూర్చున్నారు. మెట్ల కింద పేట జనమంతా నిలబడ్డారు. దిగబెట్టడమంటే ఏమిటో అందరికీ తెలుసు. పక్క పేట కుర్రాడొకడు ఫోనులో ఏదో రాశాడని నిరుడు ఇలాగే ఎక్కించుకెళ్లారు. మాట ప్రకారం దిగబెట్టారు కూడా. వాడు ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తున్నాడు.

బాబీ చేసిన నేరం నవ్వించడం. విశాఖపట్నంలో మైకు పట్టుకుని ఒంటరిగా నిలబడి నవ్విస్తాడు. వారం వారం ఫోనులో గొంతు రికార్డు చేసి వదులుతాడు. దాన్ని పాడ్‌కాస్ట్ అంటారట. పేరు 'ఉప్పు కబుర్లు'. అందులో నవ్వులపాలయ్యేది ముఖ్యంగా ఇద్దరు. ఒకడు ఈ జీపువాళ్ల నాయకుడు. రెండోవాడు నూకయ్య.

"మా ఊళ్లో నూకయ్యని ఒకాయనున్నాడు. తుపానుకి కప్పెగిరిపోతే నాయకుడు టార్పాలిన్ ఇచ్చినాడు. దాని నిండా నాయకుడి బొమ్మే. నూకయ్య దండమెట్టి మరీ కప్పుకున్నాడు. ఇప్పుడు వానొస్తే నాయకుడి ముక్కులోంచే ఇంట్లోకి కారతాది!"

నౌపడ ఉప్పు మడుల్లో ఆ జోకు విన్నారు. సాలూరు లారీల్లో విన్నారు. చివరికి నాయకుడూ విన్నాడు. ఎన్నికలు నెత్తి మీదున్నాయి.

కులపెద్ద జగన్నాధం బాబీ వైపు తిరిగాడు.

"తప్పయిపోనాదని ఈడియోలో ఓ మాట సెప్పీరా, బాబీ."

"తప్పేటుంది తాతా? కారతన్న మాట నిజవే కదా."

వెనక ఎవరో కిసుక్కుమని, నోరు నొక్కేసుకున్నారు.

జగన్నాధం జనం వైపు చూశాడు. ఊరికి జెట్టీ రావాలి. పింఛన్లు ఆగకూడదు.

"అలగైతే ఏటి సేద్దాం? ఎక్కించీమంటారా?"

ఒక్కరూ వద్దనలేదు. ఆ జోకుకి పొట్ట పట్టుకు నవ్విన నోళ్లే అవన్నీ. బాబీ తల్లి దానమ్మ కొడుక్కీ జీపుకీ మధ్య వచ్చి నిలబడింది.

అప్పుడు నూకయ్య జనంలోంచి ముందుకొచ్చాడు. చూపులన్నీ అతని మీద పడ్డాయి.

"బండెక్కించడమేటి? మన ఊరోడికి శిచ్చ మనవే ఎయ్యాల. ఎలేసీండి."

వెలి అంటే ఏమిటో నూకయ్యే వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"ఈడితో ఎవుడూ మాటాడకూడదు. నిప్పియ్యకూడదు, నీళ్లియ్యకూడదు. ఆ ఇంటి పడవ మీద ఎవుడూ సెయ్యెయ్యకూడదు. సాయంత్రం రైలుకి ఈడు ఊరు దాటిపోవాల."

"ఇల్లంతటినా?" జగన్నాధం లేచి నిలబడ్డాడు. "ఆలోసించే అంటన్నావేటి, నూకయ్యా?"

"ఇల్లంతటినే. కట్టుబాటంటే కట్టుబాటే."

"నీ నోరు పడిపోను!" అంది దానమ్మ.

నూకయ్య ఆమె వైపు చూడలేదు.

బాబీ నూకయ్యకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా ఇలగంటన్నావు?"

"నానే."

"ఎప్పటిదాకా?"

"సచ్చిందాకా."

జీపు మనిషి ఫోను తీశాడు. "అన్నా, ఆళ్లోళ్లే ఎలేసినారు! ఊళ్లో అడుగెట్టనియ్యరంట." అవతల నవ్వు పెద్దగా వినిపించింది. బాబీ మూలాన నాయకుడు నవ్వడం అదే మొదలు.

"సరే, ఒగ్గీమన్నాడు," అన్నాడు జీపు మనిషి, బాబీని వదిలేయమని చెయ్యూపి.

పొద్దు వాలకముందే బాబీ సంచి తగిలించుకుని నౌపడ స్టేషనుకి నడిచాడు. దారి పొడవునా తలుపులు మూసుకున్నాయి. జీపు వెనకాలే వెళ్లి, అతను రైలెక్కేదాకా చూసి మళ్లింది. ఒంటి మీద దెబ్బ పడలేదు.

తెల్లారి వేటకి పడవలు దిగుతున్నాయి. ఇసక మీంచి పడవ కదలాలంటే పది భుజాలు కావాలి. అందుకే ఒకరి పడవకి అందరూ వస్తారు.

నూకయ్య తన పడవకి భుజం ఆనించాడు.

అవతలి పక్క నుంచి తోయడానికి పేటలో ఒక్కరూ రాలేదు, అతని పెళ్లాం దానమ్మ తప్ప.