తెరుచుకోని తలుపు

ఆ రోజుల్లో కడుపు ఖాళీ అయితేనే మరుగుదొడ్డి తలుపు తెరుచుకునేది. తల్లి మంచాన పడ్డప్పటి నుంచి ఆకుకూర, పండు ముట్టని ఓదెలు, ఆమె పోయిన మర్నాడు పొద్దున లోపల చిక్కుకుపోయాడు.

"మీ ఆహారంలో పీచు, యాంటీ ఆక్సిడెంట్లు తగ్గాయి. ఉసిరి తిని మళ్లీ ప్రయత్నించండి," అంది ఆరోగ్యం కొలిచే గోడ.

"మా అమ్మ పాడె లేపుతున్నరు! తలుపు తియ్యి!" ఓదెలు ఏడుస్తూ తలుపు గుద్దాడు.

బయట ఎండ ముదిరింది.

"వదినె, ఇంకెంతసేపు ఆపుదుం? నేనే కొరివి పెడ్త," అన్నాడు తమ్ముడు కొమురయ్య.

డప్పుల చప్పుడు వీధి దాటిపోయింది.

మధ్యాహ్నం ఎట్టకేలకు కడుపు ఖాళీ అయి తలుపు తెరుచుకుంది. "శభాష్! ఈరోజు మీరు పూర్తి ఆరోగ్యంగా ఉన్నారు," అంది గోడ.

శ్మశానం నుంచి తిరిగొచ్చిన తమ్ముడి కాళ్ల మీద ఓదెలు చెంబుతో నీళ్లు పోశాడు. తమ్ముడు తల ఎత్తలేదు.