షీల్డు తెచ్చే అల్లుడు

"మీ పెద్దోణ్ణి మాకియ్యన్నా, ఇల్లరికం," అన్నాడు కోవూరు పద్మనాభయ్య.

తోటపల్లి గూడూరు చెంచురామయ్య ఆకు నమలడం ఆపాడు.

"అల్లుణ్ణి అడగతుండావా, ఆటగాణ్ణి అడగతుండావా?"

"రెండూ వాడే గదన్నా!"

పద్మనాభయ్య దాచలేదు. తీరప్రాంతం ఊళ్ళ చెడుగుడు పోటీ 1957లో మొదలైంది. 1963 దాకా షీల్డు గూడూరు దాటలేదు. ప్రతిసారీ చివరి ఆటలో ఓడింది కోవూరే. ఆ జట్టుకు పెద్ద పద్మనాభయ్య. చెంచురామయ్య పెద్దకొడుకు రమణయ్య కూతకు వస్తే ఇద్దరినైనా తాకకుండా తిరిగిపోడు. పోటీకి ఒక కట్టుబాటుంది. ఎవడు ఏ ఊళ్ళో కాపురముంటే ఆ ఊరికే ఆడాలి.

"వాడు పోతే జట్టు గతేంగాను? ఊరోళ్ళు నన్ను బతకనిస్తారా?" చెంచురామయ్య పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఊరోళ్ళు నీ బిడ్డలకు అన్నం పెడతారా? నీకుండేది ఎకరన్నర. కొడుకులు నలుగురు. నాకు ఒక్కతే కూతురు. మాగాణంతా వాడిదే గదా!"

నెల రోజులు బతిమాలించుకుని చెంచురామయ్య సరేనన్నాడు.

ఇంట్లో పద్మనాభయ్య పెళ్ళాం కామాక్షమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "మొగుణ్ణి తెస్తుండేది పిల్లకా, షీల్డుకా?"

"పిల్లనే అడుగు."

కూతురు చెంచులక్ష్మి తలుపు చాటుకు పోయింది. రమణయ్య ఆట చూడటానికి ఆమె రెండేళ్ళుగా మేనత్తను వెంటబెట్టుకుని పోతోంది.

1964 వేసవిలో పెన్న ఇసుకలో చివరి ఆట. పెళ్ళయి ఇల్లరికం వచ్చిన రమణయ్య కోవూరు వైపు దిగాడు. గూడూరు నుంచి అతని పెద్ద తమ్ముడు హజరత్తయ్య కూతకొచ్చాడు. వదిన పుట్టిన ఊరని చూడలేదు. ఒక్క ఊపిరిలో ముగ్గురిని తాకి పోయాడు.

"ఇన్నాళ్ళూ వీణ్ణి యాడ దాచినార్రా?" అని అరిచారు జనం.

అన్న ముగ్గురిని తాకి లెక్క సరిచేశాడు. చివరి కూతకు వచ్చిన తమ్ముణ్ణి గీత దగ్గర నడుం పట్టి పడేశాడు. కోవూరు గెలిచింది.

పద్మనాభయ్య షీల్డు భుజాన పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వియ్యంకుడి దగ్గరికి పోయాడు.

"కొడుకునిస్తివి, షీల్డూ ఇస్తివి. ఇంకేం మిగిలింది బావా?"

చెంచురామయ్య ఉండమన్నట్టు చెయ్యెత్తాడు.

పక్కనే నిలబడి వాకాడు జట్టు పెద్ద రెండోవాణ్ణి ఇల్లరికం అడుగుతున్నాడు.