ఫిన్‌కు పనసచెక్క

హన్మాండ్లుకు పొగరని ఎడారి దేశంలోని ముసఫ్ఫా ఊరి వడ్రంగి షాపులో అందరికీ గట్టి నమ్మకం. షాపు మేనేజరు ముదీర్ అంతటివాడు వెనక నుంచి పిలిచినా తిరిగి చూడడు. పని రాక్షసుడు కదా అని ముదీరే సర్దుకుపోయాడు.

థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ప్రసిత్ అంటే మాత్రం హన్మాండ్లుకు ప్రాణం. ఒకరి భాష ఒకరికి రాదు. కబుర్లన్నీ చేతులతోనే.

ఆ ప్రసిత్ ఓ రోజు ఏడుపు మొహంతో వచ్చాడు. చేతిలో విరిగిన ఫిన్. మూడు తీగల వాయిద్యం, వాళ్ల తాతది. తల దగ్గర నాగుపాము చెక్కి ఉంటుంది. తీగలు తాత సైకిల్ బ్రేకు వైరు విప్పి బిగించినవే. కంపెనీ బస్సులో ఎవరో మహానుభావుడు దానిమీద కూర్చున్నాడు. ఆదివారం కూలీలుండే క్యాంపులో థాయ్ వాళ్ల పండగ. ప్రసిత్ వాయిస్తుంటే చూడాలని ఊళ్లో వాళ్లమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తోంది.

"గింతదానికి ఏడ్సుడేంది?" అన్నాడు తోటి వడ్రంగి దేవేందర్. ఇప్పుడు వాళ్ల ఊళ్లోనూ ఫిన్‌ను కరెంటు పెట్టే వాయిస్తున్నారు. ప్లైవుడ్‌తో కొత్తది చేసి, తీగల అదురును స్పీకరుకు అందించే, గిటారుకు పెట్టే పికప్ బిగించి, స్పీకరుకు కలిపాడు.

వాయించి చూసి ప్రసిత్ తల అడ్డంగా ఊపాడు. అందులో తాత గొంతు లేదు.

హన్మాండ్లు దాన్ని అందుకుని, చెక్కకు గడ్డం ఆనించి, తీగ మీటాడు.

"ఇది సచ్చిన చెక్క. ఎట్ల పలుకుతది?"

దేవేందర్ ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నీకు పాటలంటేనే పడదు గద! పెద్ద చెప్పొచ్చినవ్!"

"పాటల సంగతేమో గాని, చెక్క సంగతి నాకెర్కనే."

షాపు మూల పడి ఉన్న పాత తలుపు చట్రంలో పనసచెక్క దొరికింది. డ్యూటీ అయ్యాక మూడు రోజులు దానితోనే. గీకడం, గడ్డం ఆనించడం, మీటడం, మళ్లీ గీకడం. పైన తాతగారి నాగుపామునే అతికించాడు. పికప్ లోపలికి దించాడు.

ఆదివారం ప్రసిత్ ముందు ఫిన్‌కు దండం పెట్టాడు, తర్వాత హన్మాండ్లుకు. మీటాడు. థాయ్ వాళ్లు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆపైన చిందులే చిందులు. ఫోన్‌లో వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

ఎలా ఉందని ప్రసిత్ కనుబొమలెగరేశాడు.

స్పీకరు పెట్టె మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డ హన్మాండ్లుకు కళ్లు నిండిపోయాయి.

చెవులు పూర్తిగా పోయి, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటూ ఆ సంగతి ఎవరికీ తెలియనీయక నెట్టుకొచ్చిన ఆరేళ్లలో అతను విన్న మొదటి పాట అదే.