ఆగక్కర్లేదు

పెరటి తలుపు తీస్తే పట్టాలు. పట్టాల పక్కన సిగ్నల్ స్తంభం. అవతల యార్డు ఎప్పుడూ బళ్లతో కిక్కిరిసి ఉంటుంది కాబట్టి, దాని మీద దీపం పగలంతా ఎర్రగానే ఉంటుంది.

మాస్టారి భార్య రోజూ ఆ స్తంభం దగ్గరే లైను దాటుతుంది. అవతల ఆమె బట్టలు కుట్టే షెడ్డు.

కొత్తకాపురం రోజుల్లో ఆమెకు పట్టాలంటే గుండెదడ. అప్పటికి మాస్టారు ఇంకా డ్రైవర్లకి పాఠాలు చెప్పే మాస్టారు కాలేదు, గూడ్సు బండి డ్రైవరు. ఆమె చెయ్యి పట్టుకుని స్తంభం దాకా తీసుకెళ్లాడు.

"ఖాళీ పట్టాల్ని నమ్మకు. ఎటునుంచి ఏది ఊడిపడుతుందో తెలీదు. దీపం ఎర్రగా ఉండి, బండి నెమ్మదించిందనుకో, నిక్షేపంగా దాటు. ఎంత పెద్ద బండైనా ఇక్కడ ఆగి తీరాలి. రేపు నేనైనా మాట తప్పుతానేమో గానీ, అది తప్పదు."

ఆమె ఆ మాట కొంగున ముడేసుకుంది.

బండి నెమ్మదించేది. ఆమె పట్టాల మీదికి దిగేది. బండి ఆగేది. ఏళ్ల తరబడి అదే తంతు.

డ్రైవర్లందరికీ ఆమె తెలుసు. కొందరు హారన్ కొట్టి ఏడిపించేవాళ్లు.

"ఇది మీ ఆయన బండి కాదక్కా, చూసుకో!"

"ఎవరిదైతేనేం, ఆగక చస్తుందా!" అనేది.

తర్వాత రూలు మారింది.

ఎర్రదీపం దగ్గర ఆగి, మళ్లీ మెల్లగా కదలడం పాత పద్ధతి. ఇకమీదట ఆగక్కర్లేదు. వేగం తగ్గించి, ముందు చూసుకుంటూ అలాగే సాగిపోవచ్చు.

బరువు బండిని ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం ఎంత నరకమో చెబుతూ, ఆ మార్పు కోసం ఆఫీసర్ల చుట్టూ తిరిగినవాళ్లలో మాస్టారే ముందు. అందుకే నేర్పే పనీ అతనికే అప్పజెప్పారు.

వారమంతా చెప్పాడు. డ్రైవర్లకి, గార్డులకి, పట్టాల మీద పనిచేసే గ్యాంగులకి. మొద్దుబుర్రలకి మళ్లీ చెప్పాడు. గొంతు బొంగురుపోయింది.

క్లాసులో బక్కోడు లేచాడు. మాస్టారి దగ్గరే పని నేర్చుకుని, మాస్టారింట్లోనే అన్నం తిని డ్రైవరైనవాడు.

"లైను పక్కన కాపురాలున్నాయి కదా మాస్టారూ. వాళ్లకెవరు చెప్తారు?"

"వాళ్లేమన్నా బండి నడుపుతారేంట్రా? కూర్చో."

అందరూ నవ్వారు. బక్కోడూ నవ్వాడు.

కొత్త రూలు మొదలయ్యే రోజు పొద్దున, భార్య ఉప్పు వేసిన వేణ్ణీళ్ల గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

"గొంతు పోయేలా అంత ఏం చెప్తున్నారండీ వాళ్లకి?"

"చెప్పినా నీ బుర్రకెక్కదు."

"పోన్లెండి, మీ బుర్రకెక్కింది చాలు. చల్లారకముందే పుక్కిలించండి."

అతను గ్లాసు ముట్టుకోలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

క్లాసు మధ్యలో కబురొచ్చింది.

అతను వచ్చేసరికి స్తంభం దాటి గూడ్సు బండి నిలబడి ఉంది. కంకర మీద ఎవరో దుప్పటి కప్పారు. దాని కింద అంత చిన్న మనిషి ఎవరో అతనికి వెంటనే తెలియలేదు.

స్తంభం మొదట్లో ఉన్న చెప్పు చూశాక తెలిసింది.

బక్కోడు ఇంజను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"హారన్ కొట్టాను మాస్టారూ. ఆపకుండా కొట్టాను. అక్క నన్ను చూసింది. తలెత్తి దీపం చూసింది. ఏడిపిస్తున్నాననుకుంది. నవ్వింది. నవ్వుతూనే దిగింది."

మాస్టారు తలెత్తాడు. దీపం ఎర్రగానే ఉంది.

"రూలు ప్రకారమే వచ్చాను. మీరు చెప్పినంత వేగమే. బ్రేకు వేశాను. బరువు బండి మాస్టారూ, మీకు తెలుసుగా..."

తెలుసు అనబోయాడు. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

ఆఫీసరొకడు వచ్చాడు. అన్నీ విన్నాడు. డ్రైవరు తప్పేం లేదన్నాడు.

"దీపం చూసి దాటిందా? ఈ సిగ్నళ్ల సంగతులు ఆవిడకెవరు చెప్పారు?"

బక్కోడు మొహం అటు తిప్పుకున్నాడు.

అన్నీ ముగిశాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, మాస్టారు వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి గట్టు మీద ఉప్పునీళ్ల గ్లాసు అలాగే ఉంది. వేడి పోకుండా ఆమె మూత పెట్టి వెళ్లింది.

పెరటి వెనక బండి చప్పుడైంది. వెళ్లి తలుపు తీశాడు.

దీపం ఎర్రగా ఉంది. బండి నెమ్మదించింది.

చల్లారిన గ్లాసు చేత్తో పట్టుకుని, అది ఆగుతుందని గడపలో ఎదురుచూశాడు.